మధ్యాహ్నం తగ్గింపు ధర, గనుల ఊరి దాహం



గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, జ్యోతినగర్ ఇళ్లల్లో ఈ మాటలు వింటున్నవాళ్లకు, ఫస్ట్ షిఫ్ట్ దిగి కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చున్నవాళ్లకు చెప్తున్నాను. ఈ రోజు చల్లటి డ్రింకుల ఖర్చు గురించి మాట్లాడుకుందాం. వినడానికి చిన్న విషయమే. కానీ ఎండాకాలమంతా మన ఇళ్లల్లో లెక్కకు రాకుండా చేయి జారిపోయే డబ్బుల్లో దీని వాటా తక్కువేమీ కాదు.

రామగుండం ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. మార్చి మధ్యకల్లా ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పన్నెండున్నరకే ఇంటికొచ్చి, అన్నం తిని, ఇక సాయంత్రం దాకా ఏం చేయాలో తోచక ఫోన్ పట్టుకుంటారు. ఆ ఫోన్‌లోనే వస్తుంది మెసేజ్: మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఏ డ్రింక్ అయినా సగం ధర. లేదా, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం. "అమ్మా, సగం ధరనే! ఇయ్యాల పోకపోతే మనకే నష్టం" అంటాడు పిల్లవాడు. కొనకపోవడం నష్టం ఎట్లా అవుతుందో వాడు చెప్పలేడు, మనమూ అడగం.

ఈ మధ్యాహ్నపు తగ్గింపు ఎక్కడిది? అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో పుట్టిన సోనిక్ అనే సంస్థ ఉంది. కారులో కూర్చునే ఆర్డర్ ఇచ్చే దుకాణాలు వాళ్లవి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా డ్రింకులు సగం ధరకు ఇవ్వడం వాళ్లకు పెద్ద పేరు తెచ్చింది. టెక్సస్ వైపు చదువులకు వెళ్లిన మన తెలుగు పిల్లలను అడగండి, ఈ సంగతి చెప్తారు. చేతిలో డాలర్లు తక్కువ ఉన్నవాడు రెండయ్యేదాకా ఆగి పెద్ద గ్లాసు నిమ్మరసం తెచ్చుకుంటాడు. వాడికి అది నిజమైన పొదుపే. ఎందుకంటే ఆ గ్లాసు వాడు ఎట్లాగూ కొనాలనుకున్నదే.

దుకాణం వాళ్లు ఎందుకు ఇస్తారన్నది కూడా తెలుసుకోవాలి. మధ్యాహ్న భోజనాలు అయిపోయాక, సాయంత్రం చిరుతిండి వేళ మొదలయ్యేలోపు రెండు మూడు గంటలు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అద్దె మాత్రం ఆగదు, ఏసీ తిరుగుతూనే ఉంటుంది, కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి జీతం ఇవ్వాల్సిందే. గ్లాసులో పోసేదేమిటి? నీళ్లు, సిరప్, గ్యాస్, ఐసు. సామాను ఖరీదు ధరలో కొంత భాగమే. అందుకని సగానికి ఇచ్చినా దుకాణానికి గిట్టుతుంది. పైగా డ్రింక్ కోసం వచ్చినవాళ్లు వట్టి డ్రింక్‌తో లేవరు. పక్కన ఫ్రైస్ వాసన వస్తుంటే పిల్లలు ఊరుకోరు. ఆ ఫ్రైస్ ధర ఆ గంటలో తగ్గదు. ఇందులో మోసమేమీ లేదు. వ్యాపారం అట్లాగే నడుస్తుంది. కొనేవాళ్లం మనం కూడా అంతే తెలివిగా లెక్క చూసుకోవాలి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి ఉంది. దీన్ని హైదరాబాద్‌లో కూర్చుని ఆఫర్లు రాసేవాళ్లు పట్టించుకోరు. రెండు నుంచి నాలుగు గంటల వేళ పట్నంలో ఖాళీ వేళ కావచ్చు, గోదావరిఖనిలో కాదు. మూడు గంటలకు ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు పైకి వస్తారు, సెకండ్ షిఫ్ట్ వాళ్లు మస్టర్ పడి కిందికి దిగుతారు. ఒకరు ఇంటికి, ఒకరు బాయికి. రెండున్నర నుంచి నాలుగింటి దాకా చౌరస్తాలో బండి ఆపుకోవడానికి చోటు దొరకదు. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నవాళ్లు కూడా అప్పుడే లేస్తారు. మన ఊరి గడియారం బాయి సైరన్ ప్రకారం నడుస్తుంది.

దీనివల్ల ఏమవుతుంది? పట్నం గడియారం ప్రకారం పెట్టిన తగ్గింపు వేళ, మన కార్మికుడు దాహంతో నోరెండిపోయి బయటికొచ్చే వేళ మీద పడుతుంది. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ మీద ఎనిమిది గంటలు కూర్చున్న మనిషి, భూగర్భంలో గాలి సరిగా ఆడని చోట చెమటలో తడిసిన మనిషి, బండి తీసి రోడ్డెక్కగానే ఆ బోర్డు చూస్తాడు. అంత దాహంలో చేయి జేబులోకి పోతుంది గానీ లెక్కలోకి పోదు. చిన్న గ్లాసు చాలు అనుకున్నవాడు పెద్దది తీసుకుంటాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కదా అని ఇంకో రెండు కట్టించుకుంటాడు.

అందుకని నేను చెప్పదలుచుకున్నది ఒకటే. దాహంతో తగ్గింపు దుకాణం గడప తొక్కకండి. ముందు క్యాంటీన్‌లోనో ఇంట్లోనో రెండు గ్లాసుల నీళ్లో మజ్జిగో తాగండి. దాహం తీరాక కూడా పిల్లలతో కలిసి ఒక సరదా గ్లాసు తాగాలనిపిస్తే అప్పుడు వెళ్లండి, తగ్గింపు వేళలోనే వెళ్లండి, హాయిగా తాగండి. సరదాను నేనేమీ తప్పు పట్టడం లేదు. ఇంత ఎండలో ఇంత కష్టపడే మనుషులు వారానికి ఒక సాయంత్రం పెళ్లాం పిల్లలతో ఏసీలో కూర్చుంటే ఎవరు కాదంటారు? దాహం ఖర్చునూ సరదా ఖర్చునూ ఒకే జేబులోంచి తీయొద్దని మాత్రమే అంటున్నాను.

లెక్క వేసి చూద్దాం. ఒక డ్రింక్ మామూలు ధర 60 రూపాయలు అనుకోండి. తగ్గింపులో 30. ఇంట్లో నలుగురు వెళ్తే 120. మిగిలింది 120 అని మనసు చెప్తుంది. కానీ ఆఫర్ లేకపోతే ఆ రోజు వెళ్లేవాళ్లమా? వెళ్లకపోతే ఇంట్లో 120 ఖర్చయ్యేది కాదు. అంటే మిగల్లేదు, పోయింది. అదే నెలకోసారి పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఎట్లాగూ వెళ్లేవాళ్లు ఆ వెళ్లేదేదో తగ్గింపు వేళకు జరుపుకుంటే మాత్రం 120 నిజంగా మిగిలినట్టే.

దుకాణంలో నిలబడ్డప్పుడు ధర ఒక్కటే చూస్తే సరిపోదు, గ్లాసులో ఎంత పోస్తున్నారో చూడాలి. బోర్డు మీద మిల్లీలీటర్లు రాసి ఉంటే చూడండి, లేకపోతే అడగండి. ఐసు తక్కువ వేయమని అడగడం నామోషీ కాదు. గ్లాసులో మూడో వంతు ఐసే ఉంటే మనం ఇచ్చే డబ్బుల్లో మూడో వంతు గడ్డకట్టిన నీళ్లకే. పెద్ద గ్లాసు ఒకటి తీసుకుని ఇద్దరు పిల్లలకు రెండు చిన్న గ్లాసుల్లో పంచడం చాలాసార్లు చవక. కాంబో అన్నప్పుడు, ఆ కాంబోలో మనకు అక్కర్లేనిది ఏముందో ముందు చూడండి. అక్కర్లేనిది ఒక్కటి ఉన్నా విడిగా కొన్నదే మేలు. ఇక ఫోన్ యాప్‌లో ఆర్డర్ ఇస్తే డెలివరీ చార్జీ, ప్యాకింగ్ చార్జీ కలిసి సగం ధర మళ్లీ పూర్తి ధరకే వచ్చి కూర్చుంటుంది.

చిన్న ధరల బలం కంపెనీలకు బాగా తెలుసు. 2003లో కోకాకోలా 200 మిల్లీలీటర్ల సీసాను 5 రూపాయలకు పెట్టి పల్లెలకు చేరింది. మరుసటి ఏడాది మెక్‌డొనాల్డ్స్ 20 రూపాయల మెనూ తెచ్చింది. 2023లో రిలయన్స్ పాత కాంపా కోలాకు మళ్లీ ప్రాణం పోసి 200 మిల్లీలీటర్ల సీసా 10 రూపాయలకు ఇవ్వడంతో పెద్ద కంపెనీలు కూడా ఆ ధరకు దిగక తప్పలేదు. పోటీ వల్ల కొనేవాళ్లకు లాభం కలిగిన మాట నిజమే. కానీ పది రూపాయలే కదా అని రోజూ కొనేదాన్ని ఏడాదికి కూడితేనే దాని అసలు ధర తెలుస్తుంది.

ఇది ముఖ్యంగా కాంట్రాక్ట్ కార్మికుల ఇళ్లకు చెప్తున్నాను. 2024లో సింగరేణి లాభాల్లోంచి కాంట్రాక్ట్ కార్మికులకు మొదటిసారి ఒక్కొక్కరికి 5,000 రూపాయల బోనస్ ఇచ్చారు. 2025లో 5,500 చేశారు. ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చిన డబ్బు అది. ఇప్పుడు చూడండి. రోజుకు 20 రూపాయల కూల్‌డ్రింక్, ఏడాదికి 300 రోజులు. 6,000 రూపాయలు. ఆ బోనస్ మొత్తం, ఇంకో 500 జేబులోంచి వేసి మరీ, సీసాల్లో పోసి తాగినట్టు. పర్మినెంట్ కార్మికుడికి లాభాల వాటా లక్ష దాటి వచ్చినప్పుడు 6,000 కనబడకపోవచ్చు. దినకూలి మీద బతికే ఇంట్లో అది పిల్లల పుస్తకాల ఖర్చు.

ఆ సీసా ధరలో పన్ను కూడా తక్కువేమీ కాదు. గ్యాస్ నింపిన తీపి డ్రింకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. అంతకుముందు కూడా 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపి అంతే ఉండేది. సిగరెట్లు, పాన్ మసాలా మీద వేసే స్లాబు ఇదే. అంత పన్ను కట్టి మనం లోపలికి పంపేదేమిటంటే, 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర. ఆరు చిన్న చెంచాలకు పైనే. పెద్దవాళ్లు రోజు మొత్తంలో అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక్క సీసాతో ఆ రోజు కోటా అయిపోయింది. షిఫ్టులు మారుతూ నిద్ర చెడి, తిండి వేళలు తప్పే మన ఊళ్లో షుగర్ గురించి డాక్టర్లు ఊరికే హెచ్చరించడం లేదు.

మరి దాహం ఎట్లా తీర్చుకోవాలి? మా నాన్న బాయిలో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన రోజుల్లో మా అమ్మ రాత్రే తైదంబలి కాచి చల్లార్చి, పొద్దున సల్ల కలిపి, ఉప్పు, నాలుగు ఉల్లిగడ్డ ముక్కలు వేసి డబ్బాలో పోసేది. ఫస్ట్ షిఫ్ట్‌కు ఆరున్నరకే బయల్దేరేవాడు. ఆ డబ్బా ఉన్న రోజు బయట ఏమీ కొనేవాడు కాదు. అది పేదరికం వల్ల చేసిన పనే కావచ్చు, కానీ పనిచేసే ఒంటికి సరిగ్గా కావలసినవి అందులో ఉన్నాయి. నీళ్లు, ఉప్పు, కొంచెం పిండి పదార్థం. ఈ రోజు ధరలతో మజ్జిగ లెక్క వేయండి. అర లీటరు పెరుగు 40 రూపాయలు అనుకున్నా, రెండు లీటర్ల నీళ్లు పోసి చిలికితే పది పన్నెండు గ్లాసులు. గ్లాసుకు నాలుగు రూపాయలు మించదు. ఏ దుకాణం తగ్గింపు దీనికి సాటి వస్తుంది?

బయటే తాగాలంటే మన సోడా బండి ఉంది. బండి దగ్గర నిలబడి చూడండి. నిమ్మకాయను సగానికి కోసి, పిండేదాంట్లో పెట్టి నొక్కి, చిటికెడు ఉప్పు వేసి, పొంగి పొర్లకుండా గ్లాసు వంచి అంచు మీదుగా సోడా పోస్తాడు. అన్నీ మన కళ్ల ముందే. చక్కెర వద్దంటే వేయడు. ఇరవై రూపాయల లోపు అయిపోతుంది, ఆ డబ్బు మన ఊరి మనిషి ఇంటికే పోతుంది. ఐసు ఏ నీళ్లతో చేసిందో మాత్రం అడగండి. అనుమానముంటే ఐసు లేకుండా తాగండి.

గనుల కంపెనీ ఇవ్వాల్సినవి కూడా ఉన్నాయి. ఎండాకాలం ఓపెన్‌కాస్ట్ గనుల్లో సింగరేణి మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్ఎస్ పంచుతుంది. ఇవి దయాదాక్షిణ్యాలు కావు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం గనిలో పనిచేసేవాళ్లందరికీ చల్లటి, శుభ్రమైన తాగునీరు అనువైన చోట్ల పెట్టాల్సి ఉండేది. మనిషికి కనీసం రెండు లీటర్ల లెక్కన పెట్టాలని ఆ చట్టం కింద వచ్చిన 1955 నిబంధనలు చెప్పాయి. 250 మందికి పైగా పనిచేసే గనికి క్యాంటీన్ ఉండాలన్నది కూడా ఆ నిబంధనల్లోదే. చట్టం పర్మినెంట్ అనీ కాంట్రాక్ట్ అనీ దాహాన్ని విడదీయలేదు. పని దగ్గర చల్లటి నీళ్లు దొరికిన మనిషి రోడ్డు మీద బోర్డు చూసి బండి ఆపడు. నీళ్ల డబ్బా ఖాళీగా ఉంటే యూనియన్ నాయకుడితో, సేఫ్టీ కమిటీతో చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి.

ఓఆర్ఎస్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఎండదెబ్బకో విరేచనాలకో ఒంట్లో నీళ్లు పోయినప్పుడు కూల్‌డ్రింక్ తాగించడం, తీపి జ్యూస్ డబ్బాను ఓఆర్ఎస్ అనుకుని తాగించడం చాలా ఇళ్లల్లో చూస్తున్నాం. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ పేరు వేసి అమ్మడం తప్పని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అట్లాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల దేశంలో ఉన్న పిల్లలందరికీ మేలు చేసింది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసి కొనండి. ప్రభుత్వ దవాఖానలో ఉచితంగానే ఇస్తారు. అదీ అందని వేళ లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, కలిపి తాగించవచ్చు. మనిషి సోయి తప్పుతున్నట్టు మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంటి వైద్యంతో ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

సీసా కొనేటప్పుడు ఇంకో చోట డబ్బు పోతుంది. సీసా మీద 20 రాసి ఉంటుంది, చేతిలోంచి 22 పోతాయి. అదేమంటే కూలింగ్ చార్జీ అంటారు. ముద్రించిన గరిష్ఠ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దుకాణంలో అంతకు పైసా ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. కూర్చోబెట్టి వడ్డించే హోటల్ సంగతి వేరు, అక్కడ సేవ కూడా కలుస్తుంది కాబట్టి ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కిరాణా కొట్టుకూ, బస్టాండ్ షాపుకూ, రైల్వే ప్లాట్‌ఫాం స్టాల్‌కూ ఆ వెసులుబాటు లేదు. రామగుండం స్టేషన్‌లో దిగినప్పుడు గుర్తుంచుకోండి, లీటరు రైల్ నీర్ ధర 2025 సెప్టెంబర్ 22 నుంచి 14 రూపాయలు. 15 ఇచ్చి రూపాయి వదిలేయకండి. అమ్మేవాడు వినకపోతే బిల్లు అడగండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి చెప్పండి. రెండు రూపాయలకు గొడవెందుకని మనం ఊరుకోవడం వల్లే ఆ రెండు రూపాయలు రోజూ వేలమంది దగ్గర వసూలవుతున్నాయి.

చివరగా దుకాణాలు నడిపేవాళ్లకు ఒక మనవి. ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ అయినా, జ్యూస్ సెంటర్ అయినా, మీరూ ఈ ఊరివాళ్లే. పైనుంచి వచ్చిన బోర్డును ఉన్నది ఉన్నట్టు గోడకు కొట్టకండి. మన ఊళ్లో కుర్చీలు ఖాళీగా ఉండేది పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా. తగ్గింపు ఆ వేళకు పెడితే సెకండ్ షిఫ్ట్‌కు పోయేముందు ఇంటామెతో బజారుకు వచ్చేవాళ్లకు పనికొస్తుంది, మీకూ గిరాకీ వస్తుంది. తగ్గింపు జాబితాలో కోలాతో పాటు మజ్జిగనూ ఉప్పు నిమ్మరసాన్నీ చేర్చండి. తాగే నీళ్ల కుండ ఒకటి అందరికీ కనబడేట్టు బయట పెట్టండి. వినేవాళ్లు కూడా ఈ నెల ఇంట్లో ఒక కాగితం మీద డ్రింకుల ఖర్చు రోజుకు రోజు రాసి పెట్టండి. నెలాఖరున భార్యాభర్తలు కలిసి కూడి చూసుకోండి, పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.